వెనకాలే అంటుకొచ్చే బండితో వేగడం ఎలా

అద్దంలో చూస్తే వెనక బండి నంబర్ ప్లేట్ కనపడదు, హెడ్‌లైట్లు కనపడవు, బానెట్ కూడా సగమే కనిపిస్తుంది, లోపల స్టీరింగ్ పట్టుకున్నవాడి మొహం మాత్రం మన వెనక సీట్లోనే కూర్చున్నట్టు స్పష్టంగా కనిపిస్తుంది. బండి నడిపే ప్రతివాళ్ళకీ ఇది ఎప్పుడో ఒకప్పుడు అనుభవమే. ఆ టైంలో బుర్రకి తట్టేవి రెండే, ఒకటి కంగారుపడి స్పీడ్ పెంచేయడం, రెండోది ఒళ్ళు మండి ఒక్క సడన్ బ్రేక్ కొట్టి వాడికి బుద్ధి చెప్పడం. నేను రెండూ చేశాను, రెండూ తప్పే, అందుకే ఇదంతా రాస్తున్నా.

చేయాల్సింది వినడానికి కాస్త తిక్కగా ఉంటుంది: వెనకవాడు దగ్గరికొచ్చేకొద్దీ మీరు ముందు బండికి దూరం జరగాలి. అదేంటి, ప్రమాదం వెనక ఉంటే ముందు బండికి దూరం జరగడమేంటి అనిపిస్తుంది కదా. వెనక గ్యాప్ వాడి కాలి కింద ఉంది, మీరు ఏం చేసినా వాడు వదిలితేనే వస్తుంది. ముందు గ్యాప్ మాత్రం పూర్తిగా మీ కాలి కింద ఉంది. వాడు వదలాల్సిన జాగా కూడా మీరే మీ ముందు వదిలిపెట్టుకుంటే, మీకెప్పుడూ సడన్ బ్రేక్ కొట్టాల్సిన అవసరం రాదు, మీరు సడన్ బ్రేక్ కొట్టకపోతే వాడు మిమ్మల్ని గుద్దే ఛాన్స్ చాలావరకు పోతుంది. ఇక్కడ మీరు ఇద్దరి బ్రేకులూ మీరే వేస్తున్నారన్నమాట. అన్యాయమే, వాడి తప్పుకి మనం కష్టపడటం, కానీ డిక్కీ మనదే కదా పగిలేది.

ఎంత దగ్గరైతే దగ్గర అనాలి

ముందు మీ గ్యాప్ కొలుచుకోవడం అలవాటు చేసుకోండి. ముందు బండి ఏదైనా స్తంభాన్నో బోర్డునో దాటగానే మామూలు మాట వేగంతో "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అనుకోండి, అది పూర్తయ్యేలోపే మీరూ ఆ స్తంభం దాటేస్తే మీరు కూడా ముందువాడికి అంటుకునే వెళ్తున్నట్టు లెక్క. ఇది రెండు సెకన్ల రూల్, పొడి రోడ్డు మీద కనీసం ఇంత అని, వాన పడుతుంటే దీనికి రెట్టింపు అని. మీటర్లలో కావాలంటే జర్మనీ వాళ్ళ లెక్క సులువు, స్పీడోమీటర్‌లో ఉన్న అంకెలో సగం మీటర్లు, అంటే 100 మీద ఉంటే 50 మీటర్లు, 80 మీద ఉంటే 40.

వెనకవాడి దూరం మాత్రం లోపలి అద్దంలోనే చూడండి. బయట పక్కల ఉండే అద్దాలు చాలా బండ్లకి కొంచెం ఉబ్బుగా ఉంటాయి, ఎక్కువ జాగా చూపించడం కోసం, దాంతో వెనక బండి ఉన్నదానికంటే దూరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. లోపలి అద్దం చదునుగా ఉంటుంది కాబట్టి నిజం చెప్తుంది. అందులో హైవే స్పీడ్‌లో వాడి హెడ్‌లైట్ల కింద భాగం, బంపర్ కనపడటం మానేసిందంటే ఇక మీటర్లు కొలవక్కర్లేదు.

ఇప్పుడు ఒక్క లెక్క చూడండి, దీని తర్వాత మిగతాదంతా దానంతట అదే అర్థమైపోతుంది. 80 కి.మీ. స్పీడ్ అంటే సెకనుకి 22 మీటర్లు. వాడు మీ వెనక 5 మీటర్ల దూరంలో ఉన్నాడనుకుందాం, అంటే మీకూ వాడికీ మధ్య ఉన్న టైం పావు సెకను కూడా లేదు. మీ బ్రేక్ లైట్ చూసి, అది బుర్రకెక్కి, కాలు యాక్సిలరేటర్ మీంచి లేచి బ్రేక్ మీద పడటానికి చురుకైనవాడికైనా దాదాపు ఒక సెకను పడుతుంది, మామూలు మనిషికి ఒకటిన్నర అనుకోండి. మీరు గట్టిగా బ్రేక్ తొక్కారు, పొడి రోడ్డు, టైర్లు బాగున్నాయి, కారు సెకనుకి 25 కి.మీ. చొప్పున స్పీడ్ దిగుతుంది. అలా దిగితే ఆ 5 మీటర్లు సుమారు 1.2 సెకన్లలో మూసుకుపోతాయి. వాడి కాలు బ్రేక్ దాకా వచ్చేసరికే 30 కి.మీ. తేడాతో మీ డిక్కీలో ఉంటాడు.

అదే మీరు మెల్లగా, సెకనుకి ఏ ఏడు కి.మీ. చొప్పునో దిగారనుకోండి. ఒకటిన్నర సెకన్లు గడిచేసరికి మధ్య దూరం రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే తగ్గుతుంది, ఈలోపు వాడు ఉలిక్కిపడి తేరుకుని బ్రేక్ తొక్కేస్తాడు, బతికిపోతారు ఇద్దరూ. మనిషి వాడే, దూరం అదే 5 మీటర్లే, మారిందల్లా మీరు బ్రేక్ వేసిన తీరు.

మరి మెల్లగా బ్రేక్ వేయడం మన ఇష్టమా, ముందు బండి సడన్‌గా ఆగితే మనం కూడా ఆగాలి కదా అంటారు. కరెక్టే, అందుకే ముందు జాగా కావాలనేది. 80 మీద మీరు ముందు బండికి నాలుగు సెకన్లు, అంటే దాదాపు 90 మీటర్లు వదిలారనుకోండి, ముందువాడు పూర్తి బలంతో బ్రేక్ కొట్టి రోడ్డు మధ్యలో నిలబడిపోయినా, మీరు ఒక సెకను ఆలస్యంగా తేరుకున్నా కూడా, మీ బ్రేకుల బలంలో దాదాపు మూడో వంతు వాడుకుని ఆగిపోవచ్చు. అందుకే వెనకాల ఎవరైనా అంటుకుంటే రెండు సెకన్లని నాలుగు చేయండి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

గ్యాప్ ఎలా పెంచాలి

బ్రేక్ తొక్కి కాదు! యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం సడలించండి చాలు. ముందు బండి 80లో వెళ్తుంటే మీరు 75కి దిగితే అరనిమిషంలో ఇంకో 40 మీటర్లు వచ్చేస్తాయి, వెనకవాడికి మీరు స్లో అయిన సంగతి కూడా సరిగ్గా తెలీదు. ఒక్కసారిగా కాలు తీసేయకండి, ముఖ్యంగా తక్కువ గేర్లో ఉన్నప్పుడు, ఎందుకంటే ఇంజన్ పట్టి బండి గట్టిగానే స్లో అవుతుంది కానీ వెనక ఎర్ర లైటు వెలగదు. ఎలక్ట్రిక్ బండ్లలో పెడల్ వదలగానే బాగా స్లో అవుతాయి, గట్టిగా స్లో అయినప్పుడు బ్రేక్ లైటు దానంతట అదే వెలుగుతుంది కానీ కొద్దిగా వదిలినప్పుడు వెలగకపోవచ్చు, కాబట్టి వెనకాల అంటుకున్నవాడు ఉన్నప్పుడు పెడల్ ఒక్కసారిగా వదిలేయకుండా అరచేత్తో గుడ్డు దించినట్టు మెల్లగా వదలండి.

అంత గ్యాప్ పెడితే పక్కనుంచి ఎవడో ఒకడు దూరిపోతాడు కదా అని అందరూ అడుగుతారు. దూరుతాడు, దూరనివ్వండి. ఒక్కొక్కడు దూరినప్పుడల్లా మీకు పోయేది రెండు సెకన్లు. పదిమంది దూరినా 20 సెకన్లు, బండి ఆపాక తాళాలు వెతుక్కునేటప్పుడు అంతకంటే ఎక్కువ పోతాయి. పైగా వెనకాల అంటుకున్నవాడే దూరిపోతే అంతకంటే కావాల్సిందేముంది, పీడా విరగడ.

ఇంకో సంగతి, ఇది కాస్త పక్కదారి గానీ నాకు భలే నచ్చింది. 2008లో జపాన్‌లో పరిశోధకులు ఒక ప్రయోగం గురించి ప్రచురించారు, 230 మీటర్ల చుట్టుకొలత ఉన్న గుండ్రటి ట్రాక్ మీద 22 కార్లు పెట్టి అందరినీ 30 కి.మీ. స్పీడ్‌లో తిరుగుతూ ఉండమన్నారు. అడ్డం ఏమీ లేదు, సిగ్నల్ లేదు, గుంత లేదు. కాసేపటికే ఎవరో కొంచెం స్లో అవ్వడం, వెనకవాడు ఇంకొంచెం ఎక్కువ బ్రేక్ వేయడం, ఆ వెనకవాడు ఇంకా ఎక్కువ, అలా అలా వచ్చి కొన్ని కార్లు పూర్తిగా ఆగిపోయే పరిస్థితి, ఆ జామ్ అలలాగా వెనక్కి పాకుతూ పోయింది. దగ్గర దగ్గరగా అంటుకుని వెళ్ళే బండ్లు జామ్‌ని అలా పుట్టిస్తాయి, మధ్యలో ఎవరైనా పెద్ద గ్యాప్ పెట్టుకుని ఉంటే ఆ అల వాళ్ళ దగ్గర కొంత చచ్చిపోతుంది. అంటే మీరు వదిలిన జాగా మీ వెనకవాడికి కూడా మంచిదే, వాడికి ఆ సంగతి తెలీదు అంతే.

వెనకున్నది ఎలాంటివాడో చూడండి

అందరూ ఒకటే టైపు కాదు. కొందరికి అసలు దగ్గరున్నామన్న స్పృహే ఉండదు, నడపడం అలాగే నేర్చుకున్నారు పాపం, మీరు స్పీడ్ పెంచినా తగ్గించినా అదే దూరంలో వస్తుంటారు, కోపం లేదు ద్వేషం లేదు. కొందరు ఫోన్ చూసుకుంటుంటారు, వీళ్ళని ఎలా గుర్తుపట్టాలంటే దూరం ఒకసారి పెరుగుతుంది ఒకసారి తగ్గుతుంది, బండి లేన్‌లో అటూ ఇటూ ఊగుతుంది, అద్దంలో తల కిందకి వంగి కనిపిస్తుంది. నా దృష్టిలో అందరికంటే ప్రమాదం వీళ్ళే, ఎందుకంటే హారన్ కొట్టేవాడు కనీసం రోడ్డు మీదే చూస్తున్నాడు. ఇలాంటివాడు వెనక ఉంటే ఆలోచించకుండా లేన్ మారి వదిలించుకోండి. మూడో రకం నిజంగా తొందరలో ఉన్నవాడు, డిప్పర్ కొడతాడు, పక్కకి తొంగిచూస్తాడు, ఛాన్స్ దొరికితే వెళ్ళిపోతాడు. అతను ఆసుపత్రికే పోతున్నాడో ఊరికే పోతున్నాడో మనకి తెలీదు, తెలుసుకోవాల్సిన పని కూడా లేదు. నాలుగో రకం పంతం పట్టినవాడు, వాడి సంగతి కింద చెప్తా.

ఇక లారీలు, బస్సులు. లోడు బండి మీ వెనక దిగుడు రోడ్డులో దగ్గరికొస్తుంటే వాడిది పొగరు అనుకోకండి, బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతూ ఉండొచ్చు. గాలి బ్రేకులు తొక్కగానే పట్టవు, గొట్టాల్లో గాలి నిండటానికి కొంచెం టైం పడుతుంది, ఆ పైన అంత బరువు ఆగాలి. దిగుడులో పెద్ద బండి వెనక ఉంటే దాని ముందు ఉండటమే మానేయండి, సైడ్ ఇచ్చేయండి, కుదరకపోతే దానికి దూరంగా ముందుకి జరగండి. స్పీడ్ కాస్త పెంచడం సబబు అని నేను ఒప్పుకునేది ఈ ఒక్క చోటే, అదీ ముందు రోడ్డు ఖాళీగా ఉంటేనే.

సైడ్ ఇవ్వడం

ఒక ప్రశ్న వేసుకోండి, మీరు ఏ లేన్‌లో ఉన్నారు? ఓవర్‌టేక్ చేసే లేన్‌లో తీరిగ్గా వెళ్తూ, నేను లిమిట్‌లోనే ఉన్నా కదా వీడికెందుకు దారివ్వాలి అనుకుంటుంటే, సారీ, తప్పులో సగం మీది. లిమిట్ చూసుకోవడం పోలీసుల పని, మన పని ఓవర్‌టేక్ అయిపోగానే నెమ్మది లేన్‌లోకి వచ్చేయడం. నేను గమనించినంతవరకు వెనకాల అంటుకునేవాళ్ళ సమస్య సగానికి సగం ఈ ఒక్క అలవాటుతో పోతుంది.

మీరు నిజంగా ఓవర్‌టేక్ చేస్తూ మధ్యలో ఉన్నప్పుడు వెనకనుంచి ఒకడు డిప్పర్ కొడుతూ వచ్చాడనుకోండి, మీ ఓవర్‌టేక్ మీ స్పీడ్‌లోనే పూర్తి చేయండి. వాడి కోసం స్పీడ్ పెంచొద్దు, వాడికి భయపడి రెండు లారీల మధ్య ఇరుకు జాగాలోకి దూరొద్దు. కాస్త ముందుగానే ఇండికేటర్ వేసి ఉంచండి, నేను వస్తున్నా పక్కకి, ఆగు అని వాడికి అర్థమవుతుంది, చాలామంది అది చూశాక కాస్త వెనక్కి తగ్గుతారు.

అటో లేన్ ఇటో లేన్ ఉండే రోడ్డు మీద కొంచెం కష్టం. ఎదురుగా రోడ్డు చాలా దూరం ఖాళీగా ఉన్నచోట, మలుపు లేనిచోట, గీత దాటడానికి వీలున్నచోట మీరు రోడ్డు అంచు వైపుకి కాస్త జరిగి యాక్సిలరేటర్ కొంచెం వదిలితే వాడు దాటిపోతాడు. వాడు దాటుతున్నప్పుడు మాత్రం దయచేసి స్పీడ్ పెంచకండి, ఇది చాలామంది తెలీకుండానే చేస్తారు, ఇంకొందరు తెలిసే చేస్తారు, ఎదురుగా బండి వస్తే వాడు ఎక్కడికి తిరుగుతాడు? మీ మీదకే. చేత్తో రా రా అని ఊపకండి, ఎదురు బండిని చూసుకోవాల్సింది వాడు, మీ చెయ్యి నమ్మి వెళ్ళి ఏదైనా అయితే అదో గొడవ. వాడు దాటే ఛాన్సే లేని రోడ్డైతే, బండి పూర్తిగా పక్కకి తీయగలిగే విశాలమైన జాగా చూసుకుని, చాలా ముందునుంచే ఇండికేటర్ వేసి, మెల్లగా దిగి ఆగండి. అరనిమిషం. మట్టి అంచు మీదకి హైవే స్పీడ్‌లో దిగడం మాత్రం చేయకండి, వెనకవాడి కంటే అదే ముందు చంపేస్తుంది.

మలుపు తిరగాలన్నా ఇదే పద్ధతి, ఇండికేటర్ మామూలుగా వేసేదానికి రెట్టింపు ముందు వేయండి, బ్రేక్ పెడల్‌ని స్పీడ్ తగ్గేంత కాకుండా లైటు వెలిగేంత మాత్రం రెండు మూడుసార్లు తాకించండి, ఆ మిణుకు చూసి వాడి చూపు మీ మీద పడుతుంది, అప్పుడు నిజంగా స్లో అవ్వండి. అప్పటికీ వాడు తగ్గట్లేదు అనిపిస్తే ఆ మలుపు వదిలేయండి. నిజంగా చెప్తున్నా, ముందుకెళ్ళి తిరిగి రండి. నేనొకసారి ఇలా రెండు కిలోమీటర్లు ఎక్కువ తిరిగాను, ఇంట్లోవాళ్ళు నవ్వారు, నవ్వనీ.

సిగ్నల్ దగ్గర పచ్చ లైటు చాలాసేపటినుంచి వెలుగుతూ ఉంటే అది మారబోతోందని ముందే అనుకుని స్పీడ్ కొంచెం దించి ఉంచండి. పసుపు పడ్డాక ఆగాలా వెళ్ళాలా అన్న ఊగిసలాటలో సడన్ బ్రేక్ కొట్టడం, వెనకవాడేమో మీరు వెళ్ళిపోతారనుకుని గట్టిగా తొక్కడం, వెనక నుంచి గుద్దే యాక్సిడెంట్లకి ఇది పెట్టింది పేరు. ఆగాక కూడా ముందు బండి వెనక టైర్లు రోడ్డుని తాకే చోటు మీకు కనపడేంత దూరంలో ఆగండి, వెనకనుంచి ఎవడైనా ఆగకుండా వస్తుంటే పక్కకి తప్పుకోవడానికి జాగా ఉంటుంది. వెనక బండి వచ్చి పూర్తిగా ఆగేదాకా కాలు బ్రేక్ మీదే ఉంచండి, ఎర్ర లైటు వెలుగుతూ ఉంటుంది.

బ్రేక్ కొట్టి బుద్ధి చెప్పొచ్చా

వద్దు. పైన లెక్క చూశారుగా, 5 మీటర్ల దూరంలో ఉన్నవాడికి మీరు కొట్టే బ్రేక్ హెచ్చరిక కాదు, యాక్సిడెంటే. నేను ఒక రాత్రి ఈ పని చేశాను. వెనకాల హైబీమ్ వేసుకుని అరగంటనుంచి అంటుకుని వస్తున్నాడు, ఓపిక పోయింది, ఒక్క తొక్కు తొక్కాను. టైర్ల అరుపు, వాడి బండి పక్కకి కోసుకుపోయి రోడ్డు అంచు దాకా వెళ్ళి ఆగింది. గుద్దలేదు గానీ తర్వాత వాడు నన్ను దాటుతూ వెళ్ళినప్పుడు చూశాను, వెనక సీట్లో ఒక పెద్దావిడ ముందు సీటుని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ మొహం ఇప్పటికీ గుర్తుంది. వాడికి బుద్ధి వచ్చిందో లేదో తెలీదు.

చట్టం ప్రకారం కూడా అది తెలివైన పని కాదు. వెనకవాళ్ళు చాలినంత దూరం పాటించాలని 1968 నాటి వియన్నా రోడ్ ట్రాఫిక్ ఒప్పందంలోనే ఉంది, దాదాపు ఎక్కడైనా వెనకనుంచి గుద్దినవాడిదే తప్పు అని మొదలుపెడతారు, కానీ మీరు కారణం లేకుండా బ్రేక్ కొట్టారని కెమెరాలో కనపడితే తప్పు మీ మెడకి చుట్టుకుంటుంది. కారణం లేకుండా సడన్ బ్రేక్ వేయకూడదని కూడా అదే ఒప్పందంలో ఉంది మరి. అద్దాలు తుడిచే నీళ్ళు చల్లడం, వెనక ఫాగ్ లైటు టక్కున వేసి బ్రేక్ అనిపించడం లాంటి చిట్కాలు కూడా కొందరు చెప్తుంటారు, అవన్నీ కోపాన్ని పెంచే పనులే, వాడికి ఒక సెకను కళ్ళు కనపడకుండా చేసి మన వెనకే ఉంచుకోవడం ఏం తెలివి?

దగ్గరగా అంటుకోవడం వల్ల వాడు సంపాదించేది ఎంతో తెలుసా? 80 స్పీడ్‌లో 45 మీటర్ల దూరంలో రావాల్సినవాడు 5 మీటర్ల దూరంలో వస్తున్నాడు, అంటే గమ్యం దగ్గర రెండు సెకన్లు కూడా ముందు చేరడు. ఇది తలుచుకుంటే నాకు కోపం బదులు నవ్వొస్తుంది, మీకూ పనికొస్తుందేమో చూడండి.

వాడు పంతం పడితే

మీరు సైడ్ ఇచ్చినా వెళ్ళడు, మీరు స్లో అయితే స్లో అవుతాడు, లేన్ మారితే మారతాడు. ఇది ఇక డ్రైవింగ్ సమస్య కాదు. డోర్లు లాక్ చేసుకోండి, అద్దాలు ఎక్కించండి, వాడి వైపు చూడొద్దు, చేతులూ వేళ్ళూ ఊపొద్దు. ఇంటికి వెళ్ళొద్దు, ఇల్లు చూపించినట్టవుతుంది. నిర్మానుష్యంగా ఉన్నచోట ఆపొద్దు. జనం, వెలుతురు, కెమెరాలు ఉన్న పెట్రోల్ బంక్ గానీ పోలీస్ స్టేషన్ గానీ చూసుకుని అక్కడికి పోండి, ఇంజన్ ఆపకుండా లోపలే కూర్చోండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్ళని నంబర్ రాసుకోమనండి, ఫోన్ వాళ్ళే చేస్తారు, చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది. ఒక్కరే ఉంటే మాత్రం నడుపుతూ వీడియో తీసే ప్రయత్నం చేయొద్దు, వెనక కూడా రికార్డ్ చేసే డాష్‌క్యామ్ ఉంటే అది దాని పని చేసుకుంటుంది. ఆ కెమెరా నా దృష్టిలో ముందు కెమెరా కంటే విలువైనది, కానీ చాలామంది ముందుదే పెట్టించుకుంటారు.

రాత్రి, వాన, పొగమంచు

రాత్రి వెనకవాడి లైట్లు కళ్ళలో కొడుతుంటే లోపలి అద్దం కింద చిన్న పిడి ఉంటుంది చూడండి, దాన్ని తిప్పితే అద్దం మసకగా చూపిస్తుంది, కొన్ని బండ్లలో దానంతట అదే అవుతుంది. బయట అద్దంలోంచి కొడుతుంటే తల కొంచెం జరపండి, ఆ అద్దాన్నే చూస్తూ ఉండకండి. మంచులో జనం మీ వెనక లైటు పట్టుకుని దారి వెతుక్కుంటూ అంటుకుని వస్తారు, వాళ్ళకి అదొక ధైర్యం. దట్టమైన మంచులో వెనక ఫాగ్ లైటు వేయండి, మంచు విడిపోగానే ఆపేయండి, లేకపోతే ఆ వెలుగులో మీ బ్రేక్ లైటు కలిసిపోయి కనపడదు. వానలో ఇంకేం చెప్పక్కర్లేదు, నాలుగు సెకన్లు అన్నదాన్ని ఆరు ఏడు చేయండి.

టూ వీలర్ మీద ఉంటే

లెక్కంతా అదే, కాకపోతే మీకు డిక్కీ లేదు, మీ వీపే డిక్కీ. అందుకే బైక్ మీద ఉన్నప్పుడు వెనకాల కారు అంటుకుంటే నేను పంతాలకి అస్సలు పోను, మొదటి ఛాన్స్‌లో సైడ్ ఇచ్చేస్తా. అప్పటిదాకా రోడ్డు అంచుకి మరీ ఒదిగిపోకండి, అలా ఒదిగితే అదే లేన్‌లో మీ భుజం రాసుకుంటూ దాటాలని చూస్తాడు, లేన్ మధ్యలో కనపడేలా ఉండి, జాగా వచ్చినప్పుడు స్పష్టంగా ఇండికేటర్ వేసి తప్పుకోండి. గేరు తగ్గించి స్లో అయ్యే అలవాటున్నవాళ్ళు బ్రేక్ లివర్‌ని కొద్దిగా తాకించి లైటు వెలిగించడం మర్చిపోవద్దు. గుంత కనిపిస్తే చివరి క్షణంలో బ్రేక్ వేయడం కంటే ముందే చూసి స్లో అవ్వాలి, అది చూడాలంటే ముందు గ్యాప్ ఉండాలి, మళ్ళీ అక్కడికే వచ్చాం.

బండిలో చూసుకోవాల్సినవి

ఆటోమేటిక్‌గా దూరం పాటించే క్రూయిజ్ కంట్రోల్ ఉంటే గ్యాప్ సెట్టింగ్ అన్నిటికంటే ఎక్కువలో పెట్టండి. దానంతట అదే బ్రేక్ వేసే సిస్టమ్ ఉన్న బండైతే ఇంకా ముఖ్యం, అది ముందు గుద్దకుండా కాపాడటానికి గట్టిగా పట్టేస్తుంది, వెనకవాడి బండిలో అది లేకపోతే మీ సంగతి వాడి కాలి మీదే ఉంటుంది.

సీటు పైన ఉండే హెడ్‌రెస్ట్‌ని చాలామంది తలగడ అనుకుంటారు, అది వెనకనుంచి గుద్దినప్పుడు మెడ వెనక్కి విరగకుండా ఆపేది. దాని పై అంచు మీ తల పైభాగం ఎత్తుకి ఉండాలి, తలకీ దానికీ మధ్య దూరం ఎంత తక్కువైతే అంత మంచిది. మెడ దగ్గర ఆగేలా కిందకి దించి పెట్టుకుంటే అది ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ఇప్పుడే గుద్దబోతున్నాడు, తప్పించుకునే దారి లేదు అని అద్దంలో తెలిసిపోతే తల దానికి ఆనించి, నిటారుగా ముందుకి చూస్తూ ఉండండి, ఆగి ఉన్న బండైతే బ్రేక్ గట్టిగా తొక్కిపెట్టండి, ముందు బండి మీదకి తోసేయకుండా. గుద్దాక బాగానే ఉంది అనిపించినా మెడ నొప్పి మర్నాడు మొదలవ్వొచ్చు, కాబట్టి అక్కడికక్కడే నాకేం కాలేదు అని రాసిచ్చేయకండి. వెనక సీట్లో, వెనక అద్దం కింద అరలో బరువైన వస్తువులు వదులుగా పెట్టొద్దు, మనం గట్టిగా బ్రేక్ వేసినా, ముందు బండిని గుద్దినా అవి ఎగిరొచ్చి మన తలకే తగులుతాయి.

అన్నిటికంటే ముందు ఇంకోటి చూడండి, మీ బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా? వెనకవాడు దగ్గరికొచ్చేస్తున్నాడని తిట్టుకుంటూ నెల రోజులు తిరిగి, చివరికి మెకానిక్ చెప్తే తెలుసుకున్న ఒకాయన నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తుంటా ఆయన్ని. రాత్రి గోడకి వెనక పెట్టి పార్క్ చేసినప్పుడు బ్రేక్ తొక్కి అద్దాల్లో చూడండి, గోడ మీద రెండు వైపులా ఎర్రగా పడాలి, మధ్యలో పైన మూడోది ఉంటే అదీ పడాలి.